మేకు కొట్టడానికి ముందు

బదిలీల మీద బతికినవాళ్ళకి గోడ ఎప్పుడూ పరాయిదే. అద్దె ఇల్లయితే ఇంటిగలవాళ్ళు అడ్వాన్సు పుచ్చుకునేటప్పుడే చెప్పేస్తారు, గోడలకి మేకులు కొట్టకూడదని. రైల్వే క్వార్టరులో ఆ మాట అనేవాళ్ళు లేకపోయినా, ఏదో ఒకరోజు ఆర్డరు వస్తుందనీ, తాళాలు అప్పగించి కదలాలనీ మనకే తెలుసు కాబట్టి చెయ్యి వెనకాడుతుంది. రాయగడ, కోరాపుట్, అరకు, విజయనగరం... వాల్తేరు డివిజన్లో మావారి ఉద్యోగం ఎటు పిలిస్తే అటు మా ట్రంకు పెట్టెలు వెళ్ళాయి. మేమున్న ప్రతి క్వార్టరుకీ అదే గంధం రంగు డిస్టెంపరు, అదే సిమెంటు గచ్చు, వంటింట్లో అదే ఎత్తున అదే అలమర. ఊరు మారేది గాని ఇల్లు మారినట్టుండేది కాదు.

ఆ రోజుల్లో ఏ వస్తువు కొనాలన్నా ఒకటే ప్రశ్న: బదిలీకి తట్టుకుంటుందా? మడత మంచం తట్టుకుంటుంది. ఇనప బీరువా ఒక సొట్ట పడినా తట్టుకుంటుంది. నిలువుటద్దం తట్టుకోదు. పూలకుండీలు లారీవాడు ఎక్కించుకోడు. సంతలో మట్టి బొమ్మ ఏదైనా కంటికి నచ్చితే, దాన్ని గడ్డిలో చుట్టి ఏ డబ్బాలో పెట్టాలో ముందు ఆలోచించి, దారి దొరక్క అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి అలా గడిచేసరికి ‘ఇది నాకు నచ్చిందా’ అన్న ప్రశ్న అడుగుకి పోయింది. ఎవరూ దాన్ని లాక్కోలేదు. అడిగే సందర్భం రాలేదు, అంతే.

విశాఖలో సొంత ఫ్లాటు చేతికొచ్చాక పెయింటరు షేడ్ కార్డు నా ముందు విప్పి, “ఏ రంగు వెయ్యమంటారమ్మా?” అన్నాడు. వరసగా చిన్న చిన్న చదరాలు, ఒక్క తెలుపులోనే పేజీడు రకాలు. నాకు జవాబు తట్టలేదు. మా అమ్మని ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటారా అని ఆలోచించాను. తాతగారు కట్టించిన ఇంట్లోకి కాపరానికి వచ్చింది. పండగకి సున్నం ఎప్పుడు వెయ్యాలో నాన్న చెప్పేవారు, అందులో నీలిమందు ఎంత కలపాలో సున్నం వేసేవాడు చెప్పేవాడు. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టడం, వాకిట్లో ముగ్గు మాత్రం అమ్మవి. అందుకేనేమో, మా వీధిలో ఆ ముగ్గుకి సాటి వచ్చేది ఇంకొకటి ఉండేది కాదు. కొత్త ఇంట్లో అసలు పని మనకేం నచ్చుతుందో మళ్ళీ తెలుసుకోవడమే అనిపిస్తుంది నాకు. రంగులూ కర్టెన్లూ దాని తరవాతే వస్తాయి.

ఇప్పుడు చాలామంది గృహప్రవేశం నాటికే ఇల్లంతా పూర్తి చేయించేస్తున్నారు. ఇంటీరియర్ వాళ్ళు ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపిస్తారు: ఫాల్స్ సీలింగు, దాని అంచున కనపడకుండా దీపాలు, టీవీ వెనక ప్యానెలు, మాడ్యులర్ కిచెను. పని శుభ్రంగానే ఉంటుంది, కాదనను. అయితే ఆ బొమ్మల్లో ఆరేసిన బట్టలు ఉండవు, ఆవకాయ జాడీ ఉండదు, పాత పేపర్ల కట్ట ఉండదు, మోకాళ్ళకి రాసుకునే తైలం సీసా ఉండదు. ఎవరు ఏ వేళకి ఎక్కడ కూర్చుంటారో ఆ ఇంట్లో ఒక్క పూటయినా గడపకముందే ఎలా తెలుస్తుంది? గోడకి బిగించేసిన సామాను మళ్ళీ కదలదు. అందుకని వంటింటి అరలూ పడగ్గది బీరువాలూ మాత్రం చేయించి తక్కినదంతా వదిలేశాం. పాలు పొంగించాం, వ్రతం చేసుకున్నాం, ఖాళీ గదుల్లో చాపలు పరుచుకున్నాం.

ఆ ఖాళీ నాకు చాలా నేర్పింది.

కొత్త ఇంటికి కళ్ళు తొందరగానే అలవాటు పడతాయి, చేతులకీ చెవులకీ టైము పడుతుంది. రాత్రి లేస్తే స్విచ్చి కోసం చెయ్యి ఎడంవైపుకే పోయేది, ఇక్కడది కుడివైపున ఉంది. కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనప ఖనిజం మోసే గూడ్సు బళ్ళ చప్పుడుకి నిద్రపోయిన దాన్ని. ఇక్కడ లిఫ్టు తలుపు మూసుకున్న చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేసేది. తెల్లారుజామున పైనెక్కడో గరగరమంటే అది పైవాళ్ళ మిక్సీ అనీ, కింద హోరుమంటే వాచ్‌మన్ మోటారు వేశాడనీ ఒక్కొక్కటే తెలుస్తూ వచ్చింది. ఏ చప్పుడు ఎవరిదో తెలిసేకొద్దీ ఇల్లు దగ్గరైంది.

ఖాళీ గదుల్లోకి మొదట వచ్చి కూర్చునేది ఎండ. విశాఖ భూమధ్యరేఖకి ఉత్తరాన 17 డిగ్రీల చిల్లర దూరంలో ఉంది. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తినే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. అదే డిసెంబరులో దక్షిణానికి ఒరిగి, మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో సగం ఎత్తునే ఉంటాడు. అప్పుడా కిటికీలోంచే ఎండ గది నడిమికి వస్తుంది, చలికాలంలో దానంత సుఖం ఇంకొకటి లేదు. పడమటి కిటికీ సంగతి వేరు. వేసవి సాయంత్రం నాలుగింటికి దాని ఎదుట ఎవరూ కూర్చోలేరు. ఎంత మంచి సోఫా తెచ్చి అక్కడ వేసినా ఏడాదిలో బట్ట రంగు వెలిసిపోతుంది. సోఫా కొనకముందే అదెక్కడ ఉండకూడదో మాకు తెలిసిపోయింది. ఈ గదిలో ఎక్కడ కూర్చుంటే గాలి తగులుతుందో చాప చెప్పింది, ఎందుకంటే చాప ప్రతి పూటా జరిగేది.

సముద్రపు గాలికి అడ్డేమీ లేని ఊరు ఇది. ఆ గాలిలో ఉప్పుంది, చెమ్మ ఉంది. ఇనప ఊచలు తొందరగా తుప్పు పడతాయి. వానాకాలం తలుపులు ఉబ్బి చట్రంలో బిగుస్తాయి. కాగితం మీద వేసిన బొమ్మ అద్దం వెనక మచ్చలు పడుతుంది. బుడితి ఇత్తడి చెంబు చింతపండు పెట్టి తోమిన వారానికే మళ్ళీ మసకబారుతుంది. అలా తోముకోవడం నాకు ఇష్టమే కాబట్టి ఇత్తడి ఉంది, ఇనప పూలస్టాండు లేదు. పొడి గాలి వీచే ఊళ్ళో ఇల్లు సర్దుకున్నవాళ్ళ సలహా ఇక్కడ నూటికి నూరుపాళ్ళూ పనికిరాదు.

రంగు దగ్గర చాలాకాలం ఆగాను. మా అమ్మాయి ఫోన్లో చెప్పింది, “గ్రే వేయించెయ్యమ్మా, ఏ ఫర్నిచరుకైనా సరిపోతుంది” అని. తను నా మంచికే చెప్పింది. కానీ అన్నిటికీ సరిపోయే రంగు మధ్య నా జీవితంలో సగం గడిచింది. ఈసారి రంగు నాకు సరిపోతే చాలు. మరి నాకేది సరిపోతుంది? జవాబు షేడ్ కార్డులో దొరకలేదు, బీరువాలో దొరికింది. చీర ఒక్కటే ఇన్నేళ్ళూ బదిలీని అడగకుండా, నలుగురినీ అడగకుండా నేను ఎంచుకున్నది. ఓ మధ్యాహ్నం చీరలన్నీ మంచం మీద పరిచి, మడతల దగ్గర పలచబడినవీ అంచులు అరిగినవీ ఒక పక్కకి తీశాను. కొత్తగా మెరుస్తున్నవి నీలాలూ ఆకుపచ్చలూ, ఎవరో పెట్టినవి. అరిగిపోయినవి దాదాపు అన్నీ ఒకే దారిలో ఉన్నాయి: జేగురు రంగు, ఇటిక రంగు, మిరపపండు రంగు. ఆ కుప్ప చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. నా ఇష్టం ఎక్కడికీ పోలేదు, కట్టుబట్టల్లో భద్రంగా ఉంది.

ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. విశాఖనుంచి భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సముద్రపు ఒడ్డున గాలి పోగుచేసిన ఇసక అది. రేణువుల చుట్టూ పట్టిన ఇనుము తుప్పుకి వేల ఏళ్ళలో అలా ఎర్రబడింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. మా అమ్మమ్మ ఊరు ఆ దారిలోనే. అక్కడ చుట్టిళ్ళుండేవి, గుండ్రటి మట్టిగోడ, దాని మీద నేలకి దగ్గరగా వంగిన తాటాకు కప్పు. ఏ వైపునుంచి తుఫాను వచ్చినా గాలికి పట్టు దొరకని కట్టడం. గోడ అడుగున ఎర్రమన్ను పూసి, దాని మీద తెల్ల సున్నంతో చుక్కలు పెట్టేవారు. పొయ్యి వెలుగులో ఆ ఎరుపు పగటికంటె ముదురుగా కనిపించేది.

గోడ రంగు విషయంలో పెయింటరు చెప్పిన మాట అందరికీ పనికొస్తుంది. కార్డు మీద చూసిన రంగు నాలుగు గోడల మీదికి వచ్చేసరికి ముదురుతుంది, ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడుతుంది కాబట్టి. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల మేర వేసి, పొద్దున్న ఒకసారి, మూడు గంటలకి ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూసుకోమన్నాడు. మేము మూడు ఎరుపులు పక్కపక్కన వేయించాం. ఒకటి పొద్దున్న బాగుండి రాత్రి నల్లబడింది. ఒకటి ఎప్పుడు చూసినా గులాబీ వైపు జారింది. మూడోది పగలు ఇటికలా, రాత్రి అమ్మమ్మ ఇంటి గోడలా ఉంది. అన్నాల బల్ల వెనక గోడకి అది వేయించి, తక్కిన గోడలకి నీలిమందు కలిపిన సున్నాన్ని తలపించే తెలుపు వేయించాం. అసలు సున్నమే వేయించాలని ఉండేది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయిగా గట్టిపడుతుంది, గోడలోని చెమ్మని బయటికి పోనిస్తుంది, ఈ ఊరి గాలికి అంతకంటె తగింది లేదు. కానీ ఫ్లాటు గోడకి అప్పటికే నున్నగా పుట్టీ పట్టించి ఉంది, దాని మీద సున్నం నిలవదు.

వస్తువుల మాటకొస్తే, మొదట తేలాల్సింది షోకేసు. మావారి పదవీ విరమణనాడు ఇచ్చినవి, పెళ్ళిళ్ళలో వచ్చినవి, చిన్న బొబ్బిలి వీణ, పాలరాతి తాజ్‌మహల్, షీల్డులు, పింగాణి కుక్కపిల్లలు. ఇచ్చినవాళ్ళ మీద గౌరవం వేరు, ఇచ్చిన వస్తువుని జీవితాంతం ఎదురుగా పెట్టుకోవడం వేరు. ఇది కటువుగా వినిపించవచ్చు గాని నేను బాగా ఆలోచించే అంటున్నాను. చూసీ చూసీ కంటికి ఆననంతగా అలవాటైపోయిన వస్తువు గదిలో చోటు ఆక్రమిస్తుంది, మనసుకి ఏమీ ఇవ్వదు. వీణ ఉంచాం. అది పనస చెక్కతో చేసింది, చేతిలోకి తీసుకుంటే దాని నునుపు తెలుస్తుంది. తాజ్‌మహల్ అడిగిన పిల్లకి ఇచ్చాం. షోకేసు చేయించలేదు.

దాని బదులు ఏటికొప్పాక వెళ్ళాం. ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రని యంత్రానికి బిగించి తిప్పుతూ, తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పొరలా పాకుతుంది. తరవాత మొగలి ఆకు పెట్టి ఒత్తితే ఆ పొర అద్దంలా మెరుస్తుంది. పసుపు, నీలి మొక్క, జాఫరా గింజలు: రంగులు చెట్లనుంచి తీసినవి. ఆ పద్ధతిని మళ్ళీ నిలబెట్టడంలో సి.వి. రాజుగారి కృషి పెద్దది, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేను అక్కడ చూసింది మాత్రం ఒక కుంకుమ భరిణె తయారవడం. మూత బిగించి తిప్పి చూసి, కాస్త వదులుగా ఉందని పనివాడు దాన్ని మళ్ళీ యంత్రం మీద పెట్టాడు. నాకైతే తేడా కనిపించలేదు, అతని వేళ్ళకి తెలిసింది. ఆ భరిణె ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. రోజూ మూత తిప్పుతుంటే అది చివర్లో చిన్నగా పట్టుకుంటుంది, ఆ పట్టు నాకు చాలా ఇష్టం.

ఇష్టాలు నావి మాత్రమే కావు కదా. గోడలు ఎండాయో లేదో మావారు కాలెండరు పట్టుకుని హాల్లోకి వచ్చారు. కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చేది, తిథి నక్షత్రాలతో, పెద్ద అంకెలతో.

“వంటింట్లో పెట్టుకుందామండీ,” అన్నాను.

“తిథి చూడాలంటే ప్రతిసారీ నీ వంటింట్లోకి రావాలా? నాకు లేచి తలెత్తగానే కనపడాలి,” అన్నారు.

ఆయన ముఖం చూశాక ఇంకేమీ అనబుద్ధి కాలేదు. డ్యూటీ చార్టుల ప్రకారం జీవితమంతా నడిచిన మనిషికి తారీఖు ఎదురుగా ఉండటం ఒక ధైర్యం. ఆయన్ని మాత్రం ఎవరడిగారు, నీకేం ఇష్టమని? కాలెండరు హాల్లోనే ఉంది, దాని పక్కన స్టేషన్లో ఉండేలాంటి గుండ్రటి గడియారం కూడా. ఇంటి అందం గురించి రాసేవాళ్ళు కాలెండర్లని దాచమంటారు. ఇద్దరు బతికే ఇంట్లో ఒకరి కన్ను మాత్రమే చెల్లకూడదని నా అభిప్రాయం. దీపాల దగ్గరా అంతే. నాకు సాయంత్రం పూట పాత బల్బులాంటి పచ్చని వెలుగు కావాలి, ఎల్‌ఈడీ పెట్టె మీద 2700 అనో 3000 కెల్విన్ అనో రాసి ఉండేది. 6500 ఉన్నది తెల్లగా, ఆఫీసులా వెలుగుతుంది, దాని కింద ఎర్ర గోడ ప్రాణం పోయినట్టుంటుంది. కానీ ఆయనకి పేపరు చదవడానికి తెల్ల వెలుగే కావాలి. ఆయన కుర్చీ పక్కన విడిగా తెల్ల దీపం పెట్టాం, గదికి పచ్చనిది.

పెద్దవాళ్ళ ఫోటోలు ఎంత ఎత్తున పెట్టాలన్నది మరో ఆలోచన. మన పాత ఇళ్ళలో ద్వారబంధాల పైన, ముందుకి వంచి కట్టేవారు. గౌరవం ఒకటి, పిల్లల చేతికి అందకూడదని ఒకటి. కింద కూర్చుని గోడకి చేరగిలబడే ఇళ్ళు కాబట్టి తల నూనె మరకలకి దూరంగా ఉంచడం కూడా ఒక కారణమై ఉంటుంది. కానీ అంత ఎత్తున ముఖం కనపడదు, దండ కనపడుతుంది. మామగారి ఫోటో నా కంటి ఎత్తుకి దింపాను. ఆయన మీసం చివర చిన్న గాటు ఉందని అప్పుడు చూశాను. ఆయన కట్టిన పొందూరు ఖద్దరు పంచెలు ట్రంకులో రెండు మిగిలాయి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసి వడుకుతారు, అందుకే ఆ నూలుకి అంత సన్నదనం. వాటినే తూర్పు కిటికీకి కర్టెన్లుగా కుట్టాను. బరువైన కర్టెన్లు గాలిని ఆపేస్తాయి, ఈ పంచెలు గాలికి లోపలికి లేచి, ఎండని మాత్రం కాస్త వడకట్టి పంపుతాయి. మావారు మొదట కొంచెం నొచ్చుకున్నారు. ఇప్పుడు పొద్దున్న కాఫీకి ఆ కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో కొందరు ఎర్ర గోడ ముందు ఆగి “ఏమిటిలా వేయించారు?” అన్నారు, ఇంకొందరు గోడలు బోసిగా ఉన్నాయన్నారు. ఒకామె మాత్రం గోడకి అరచెయ్యి ఆనించి, “మా ఊళ్ళో మా ఇంటి అరుగు ఈ రంగే,” అని కాసేపు మాట్లాడకుండా ఉంది. ఎవరి మాటకీ నొచ్చుకోలేదు నేను. వాళ్ళు గంట కూర్చుని వెళతారు, ఈ గోడ ఎదుట రోజూ అన్నం తినేది మేము.

ఇప్పుడు మా ముందున్నది ఉయ్యాల బల్ల. హాలు చివర బాల్కనీ తలుపు దగ్గర, చాప ఎక్కువసార్లు చేరిన చోట. శ్లాబు పోసేటప్పుడే కొక్కేలు వదిలి ఉంటే తేలికయ్యేది. ఇప్పుడు డ్రిల్లు చేసి యాంకర్ బోల్టులు బిగించాలి, అదీ ఇంజనీరు వచ్చి చూసి సరేనన్న చోట. గొలుసులు ఇనపవైతే ఈ గాలికి తుప్పు పడతాయి, ఇత్తడివి ఖరీదు. స్టెయిన్‌లెస్ స్టీలు చాలంటున్నారు ఆయన, తోమడం నా వంతు కాబట్టి ఇత్తడే అంటున్నాను నేను. బల్ల నాలుగడుగులు చాలని ఆయన, ఆరడుగులైతే మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని పడుకోవచ్చని నేను. ఆదివారం వడ్రంగి కొలతలకి వస్తున్నాడు, ఆలోపు ఈ రెండూ తేల్చుకోవాలి.